నాట్లకు వచ్చే వలస కూలీలు - రైతు తెలుసుకోవలసిన సంగతులు



నేను మీ ముందుకు వచ్చినప్పుడల్లా విత్తనశుద్ధి గురించో, ఎరువుల మోతాదు గురించో, కాండం తొలుచు పురుగు గురించో చెప్తూ ఉంటాను. ఈ రోజు వాటిని కాసేపు పక్కన పెట్టి, మన పొలంలో దిగి నాటు వేసే మనుషుల గురించి రెండు మాటలు మనవి చేసుకోదలచాను. విత్తనం ఎంత మేలైనదైనా, చెరువు ఎంత నిండుగా ఉన్నా, నారు ముదరకముందే నాటే చేతులు దొరకకపోతే ఆ పంట సగం పోయినట్టే. ఇది మీకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు.

యాసంగి నాట్లు దగ్గరపడే రోజుల్లో సికిందరాబాదు స్టేషనుకు ఒకసారి పోయి చూడండి. ఉత్తరాది నుంచి వచ్చే బండి ఆగీ ఆగకముందే జనరల్ బోగీల నుంచి మనుషులు దిగుతారు. ఒక భుజాన సంచి, ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్, అందులో గిన్నెలు, పైన చుట్టిన దుప్పటి. పది పన్నెండు మంది ఒక గుంపుగా నిలబడతారు. వాళ్లలో ఒకడు ఫోను చెవికి పెట్టుకొని ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. కాసేపటికి ఒక ట్రాలీ ఆటో వస్తుంది. అందరూ ఎక్కి సిద్దిపేట దారినో, నల్లగొండ దారినో పోతారు. ఏళ్ల తరబడి సికిందరాబాదుకూ బీహారులోని దానాపూర్‌కూ నడిచిన ఎక్స్‌ప్రెస్ బండి పేరు మన రైసుమిల్లుల హమాలీలకు నోట్లో నానిన పేరే. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బండ్లు అక్కడికి మారినా, మనుషులు రావడం మాత్రం ఆగలేదు.

వీళ్లెవరు? మాల్దా, ముర్షీదాబాదు, పూర్ణియా, కటిహార్ వంటి జిల్లాల నుంచి వచ్చిన కైకిలి మనుషులు. ఇంత దూరం ఎందుకు వస్తున్నారు? మన ఊళ్లలో నాట్లు వేసిన మన వాళ్లు ఎటు పోయినారు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, రేపు మన పొలం పని ఎట్లా జరుపుకోవాలో కూడా తెలుస్తుంది.

చదువుకున్నవాళ్లు దీనిని ఆర్థిక వ్యవస్థ పునర్నిర్మాణం అంటారు. పెద్దమాట గనుక భయపడకండి. కాలువ దారి మారిందనుకోండి. ఇన్నాళ్లు పారిన మడి ఎండుతుంది, ఇన్నాళ్లు బీడుగా ఉన్న చెలకకు తడి తగులుతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, దారి మారింది, అంతే. కాని ఎండిన మడి రైతుకు ఆ మాట చెప్తే కడుపు నిండదు. పనుల సంగతి కూడా అంతే. ఒకచోట పని తగ్గుతుంది, ఇంకొకచోట పుడుతుంది. రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కూలివాడు రైలెక్కి దాటవలసి వస్తుంది.

మొదట మనవాళ్ల సంగతే చూద్దాం. పాలమూరు కూలీ అంటే తెలియని ప్రాజెక్టు ఈ దేశంలో అరుదు. మహబూబ్‌నగర్ జిల్లాలో వానలు తక్కువ, సాగునీరు ఇంకా తక్కువ. గుంపు మేస్త్రీ వచ్చి ఇంటికి అడ్వాన్సు ఇచ్చి పోయేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఆలుమగలు ఎక్కడెక్కడి కట్టలమీదనో మట్టి మోసేవారు. నారాయణపేట, మక్తల్, కోస్గి, కొడంగల్ ప్రాంతాల నుంచి బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు పోయినవాళ్ల లెక్క పెద్దది. ఇంటివద్ద ముసలివాళ్లు, పిల్లలు మిగిలేవారు.

అట్లాగని పట్నంలో ఉన్న పనులు కూడా ఒకే తీరుగా ఉండలేదు. నిజాం కాలంలో మొదలైన మిల్లులు, కార్ఖానాలు వేలమందికి నెలజీతం ఇచ్చేవి. వరంగల్లులో ఆజంజాహి మిల్లు 1934లో వచ్చింది. సికిందరాబాదు కవాడిగూడలో ప్రాగా టూల్స్ 1943లో వచ్చింది. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వచ్చింది. ఆ కొలువులో చేరినవానికి క్వార్టరు, దవాఖాన, పిల్లలకు బడి, చివరికి పింఛనో గ్రాట్యుటీయో ఉండేది. 1991 జూలైలో కేంద్ర ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించింది. లైసెన్సుల పద్ధతి చాలావరకు పోయింది, ప్రైవేటు పెట్టుబడికి తలుపులు తెరుచుకున్నవి, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థలను వదిలించుకోవడం మొదలైంది. దానివల్ల కొత్త కంపెనీలు వచ్చిన మాట నిజమే. పాతవి పోయిన మాట కూడా నిజమే. ప్రాగా టూల్స్ హెచ్ఎంటీ చేతికి పోయి, కార్మికులు తగ్గుతూ వచ్చారు. ఆజంజాహి మిల్లు 2002లో మూతబడింది. ఓరుగల్లు, కరీంనగర్ జిల్లాల నేతపనివాళ్లు సూరత్, భివండి, షోలాపూర్ మరమగ్గాలకు పోవడం పాత సంగతే గాని, ఇంటి దగ్గరి మిల్లు మూతబడ్డాక వెనక్కి రావడానికి ఒక కారణం తగ్గిపోయింది.

నిజాం చక్కెర సంగతి రైతులమైన మనకు మరీ దగ్గరిది. 2002లో ఆ సంస్థలో 51 శాతం వాటా ప్రైవేటు వారికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెదక్, మెట్‌పల్లి మూడుచోట్లా కర్మాగారాలు ఆగిపోయినవి. చక్కెర మిల్లు ఆగితే లోపలి కార్మికుడు ఒక్కడే కాదు, చెరకు నరికే కూలీ, బండి తోలేవాడు, ఆ రోడ్డుమీద హోటలు పెట్టుకున్నవాడు అందరూ పనికి దూరమవుతారు. రైతు చెరకు మాని వరికి తిరుగుతాడు. చెరకు నరకడం నెలల తరబడి సాగే పని. వరినాటు ఇరవై రోజుల పని. పంట మారేసరికి కూలివాడి క్యాలెండరే మారిపోయింది. ఈ సంగతి చాలామంది గమనించరు.

అదే సమయంలో హైదరాబాదు పడమటి దిక్కున వేరే సంగతి జరుగుతున్నది. 1998లో సైబర్ టవర్స్ లేచింది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, 2017లో మెట్రో రైలు, వాటి చుట్టూ ముప్పై నలభై అంతస్తుల ఇండ్లు వచ్చినవి. ఆ పనులకు ఒడిశా, బీహారు, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి మనుషులు దిగినారు. మన ఊళ్ల యువకులు ఆటో నడపడానికి, సరుకు డెలివరీ చేయడానికి, సెక్యూరిటీ గార్డు పనికి పట్నం బాట పట్టినారు. మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు పొలాలు ప్లాట్లయినవి. మాలుగా ఉన్న కూలీ మనిషి అడ్డా కూలీ అయినాడు. పొద్దున ఏడింటికి చౌరస్తాలో నిలబడి, తొమ్మిదింటిదాకా ఎవరూ పిలవకపోతే ఇంటికి పోతాడు. పని దొరికిన రోజు కూలి పాతకాలం కన్నా ఎక్కువే. కాని ఎన్ని రోజులు దొరుకుతుందో చెప్పలేడు. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో చెప్పలేడు. యజమాని పేరు కూడా చెప్పలేడు. నా దృష్టిలో ఈ ముప్పై ఏళ్ల మార్పులో కూలివాడికి జరిగిన అసలు నష్టం ఇదే. పని పోలేదు గాని, పనికి హామీ పోయింది.

ఇక మన పొలాల వైపు వద్దాం. ఇరవై ముప్పై ఏళ్లలో పాలమూరుకు నీళ్లు వచ్చినవి. జూరాల, ఆ తర్వాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల కింద ఆయకట్టు పెరిగింది. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినారు. 2018 జనవరి 1 నుంచి బోర్లకు ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు మొదలైంది. వలస పోయినవాళ్లలో కొందరు తిరిగివచ్చి సొంత పొలం చేసుకున్నారు. 2014-15లో తెలంగాణలో వరి సుమారు 35 లక్షల ఎకరాలు ఉండగా, 2020-21లో రెండు పంటలూ కలిపి కోటి ఎకరాలు దాటింది.

కోటి ఎకరాల నాటు ఎవరు వేయాలి? కోత మిషన్లు రావడంతో కోతకు కూలీల అవసరం తగ్గింది. చేతితో కోస్తే పది పదిహేనుమంది ఒక రోజంతా పట్టే ఎకరాను మిషను గంటలో కోసి, వడ్లు ట్రాక్టరులో పోస్తున్నది. కాబట్టి ఊళ్లోని కూలి కుటుంబానికి కోత పని పోయింది, కల్లం పని పోయింది. ఏడాదిలో మిగిలింది నాటు, కలుపు, పత్తి ఏరుడు. ఆ కొద్దిరోజుల పని నమ్ముకొని ఊళ్లో కూర్చుంటే ఇల్లు గడవదు గనుక వాళ్లు పట్నం పోయినారు. వాళ్లు పోయినారు గనుక నాటుకు మనుషులు దొరకడం లేదు. దొరకడం లేదు గనుక బెంగాలు, బీహారు గుంపులు వస్తున్నవి. కూలీలు సోమరులైనారు, ఉపాధిపని వాళ్లను చెడగొట్టింది అని మనం రచ్చబండ దగ్గర తీర్పు చెప్తుంటాం. ఏడాదికి నలభై రోజులు పని ఇచ్చి, మిగిలిన రోజులు ఎట్లా బతుకుతారో అడగని మనకు ఆ తీర్పు చెప్పే హక్కు ఎంత ఉన్నదో ఆలోచించుకోవాలి.

ఈ రాకపోకలు ఎంత పెద్దవో మనకు 2020లో తెలిసివచ్చింది. కేంద్ర ఆర్థిక సర్వే 2016-17లో రైళ్లలో జనరల్ టికెట్ల లెక్కను బట్టి, 2011 నుంచి 2016 దాకా ఏటా సగటున 90 లక్షల మంది పనికోసం రాష్ట్రాలు దాటుతున్నారని అంచనా వేసింది. కాని లెక్క వేరు, కంటితో చూడడం వేరు. 2020 మార్చిలో కరోనా వల్ల లాక్‌డౌన్ పెట్టగా పనులన్నీ ఆగిపోయినవి. మేడ్చల్ దారివెంట, నాగపూర్ హైవే వెంట పిల్లలను ఎత్తుకొని నడిచిపోయినవారిని మీలో చాలామంది చూశారు, కొందరు అన్నం పెట్టినారు. మే 1వ తేదీన దేశంలోనే మొట్టమొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో సుమారు 1,200 మంది పోయినారు. ఆగస్టు నెలాఖరుదాకా ఇటువంటి రైళ్లు 4,621 నడిచి 63 లక్షలమందికి పైగా ఇండ్లకు చేర్చినవి.

ఇందులో ఇంకొక సంగతి ఉన్నది. మొదటి బండి పోయిన వారానికే, మే 8వ తేదీన, బీహారులోని ఖగడియా నుంచి ఒక బండి అదే లింగంపల్లికి వచ్చింది. అందులో రెండు వందల మందికి పైగా రైసుమిల్లు హమాలీలు దిగినారు. యాసంగి వడ్లు కల్లాల్లో కుప్పలుపడి ఉన్నవి, బస్తా ఎత్తే మనిషి లేడు. మంత్రులే స్టేషనుకు పోయి వాళ్లకు స్వాగతం చెప్పవలసి వచ్చింది. దేశమంతా కూలీలు ఇంటిముఖం పట్టిన వారంలో మన వడ్లకోసం ఎదురు బండి నడిచిందంటే, మన పంట ఎవరి భుజాలమీద నడుస్తున్నదో అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. ఎకరానికి 5,000 రూపాయల గుత్త అనుకుందాం. పన్నెండుమంది గుంపు తెల్లవారుజామున దిగి పొద్దుగూకేదాకా వంగి మూడెకరాలు నాటుతుంది. 15,000 వస్తుంది. మధ్యవర్తి ఎకరానికి 500 తీసుకుంటే 13,500 మిగులుతుంది. మనిషికి 1,125. ఇది విని మనవాళ్లు, "రోజుకు వెయ్యి దాటుతున్నది, మనకన్నా వాళ్లే నయం" అంటారు. కాని ఆ మనిషి ఇల్లు విడిచి నలభై రోజులైతే, ప్రయాణం, ఎదురుచూపు, వాన, కరెంటు లేక కరిగెట్టు కాని రోజులు పోను నాటు వేసేది ఇరవై రెండు రోజులు అనుకుందాం. మొత్తం 24,750. నలభై రోజుల తిండికి రోజుకు 120 చొప్పున 4,800, రాకపోకలకు 2,000, తెచ్చిన అడ్వాన్సు వడ్డీ 1,500 తీసివేయండి. 16,450 మిగిలింది. నలభై రోజులకు పంచితే రోజుకు 411 రూపాయలు. పొద్దంతా బురదలో వంగిన నడుముకు దక్కేది ఇంతే. మధ్యవర్తి మోసం చేస్తే ఇది కూడా దక్కదు.

మోసం మాట ఊరికే అనలేదు. పోయిన యాసంగిలో మా క్లస్టరులోనే జరిగింది. ఆరెకరాల రైతు ఒకాయన నాటుకు మనుషులు దొరకక తిరుగుతున్నాడు. ఎవరో ఒక మధ్యవర్తి ఫోను నంబరు ఇచ్చినారు. రైతు నా దగ్గరికి వచ్చి, "సారూ, ఈయన మొత్తం పైసలు ముందుగాల అడుగుతున్నడు, ఇయ్యమంటరా?" అని అడిగినాడు. పక్క ఊళ్లకు ఆ మధ్యవర్తి మనుషులను పంపినట్టు నేను విని ఉన్నాను. నారుకు అప్పటికే ముప్పై రోజులు దాటింది. "ఆలస్యం చేస్తే నారు ముదురుతుంది, ఇచ్చి పని కానీయండి" అన్నాను. నేను నారు వయసు చూశాను గాని పైసలు ఎవరి చేతికి చేరతాయో చూడలేదు.

రైతు 30,000 కట్టినాడు. మాల్దా నుంచి వచ్చిన గుంపు రెండు రోజుల్లో నాలుగెకరాలు నాటింది. మధ్యవర్తి వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఫోను ఎత్తలేదు. మూడవరోజు తెల్లవారి చూస్తే గుంపు లేదు. రాత్రికి రాత్రి రోడ్డెక్కి సికిందరాబాదు చేరుకున్నారు. ఊళ్లో అందరూ, దొంగలు పారిపోయినారు అన్నారు. వాళ్ల మేస్త్రీ నంబరు సంపాదించి నేను మాట్లాడాను. "సాబ్, మేం పారిపోలేదు. నాలుగెకరాల కూలి రాలేదు, ఇంకా రెండెకరాలు ఏ ధైర్యంతో వేయాలి? బియ్యం కూడా అయిపోయినవి" అని అతడు హిందీలో చెప్పుకొచ్చాడు. ఆ మాట రైతుకు చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకొని, "పైసలు కట్టిన నేను మోసగాన్ని అయిన, పని చేసినోళ్లు దొంగలైనరు, నడుమ ఉన్నోడు మంచిగనే ఉన్నడు" అన్నాడు.

రైతువేదికలో పెద్దలం కూర్చొని మాట్లాడినాం. నాలుగెకరాల కూలి 20,000లో సగం రైతు వెంటనే మేస్త్రీ ఖాతాకే పంపినాడు. మిగిలిన సగం వడ్లు అమ్మినాక పంపుతానన్నాడు, పంపినాడు. ఆయనకు అది రెండోసారి కట్టిన డబ్బు. మిగిలిన రెండెకరాలు నలభై ఐదు రోజుల నారుతో ఊరి ఆడవాళ్లు నాటినారు. పిలకలు సరిగా రాలేదు. ఎకరానికి ఆరేడు బస్తాలు తగ్గింది. అయితే ఈ వానాకాలం అదే గుంపు మధ్యవర్తి లేకుండా నేరుగా ఆయన ఇంటికే వచ్చింది. మొదట ఆయన పొలమే నాటింది. నేను నేర్చుకున్న పాఠం మీకు అప్పజెప్పడానికే ఈ సంగతి చెప్పాను.

ఇక మనం చేయవలసిన పనులు చూద్దాం.

మొదటిది, నారు. ఊరంతా ఒకే వారంలో నారు పోస్తే ఊరంతటికీ ఒకే వారంలో మనుషులు కావాలి. అప్పుడు గుత్త ధర మన చేతిలో ఉండదు. ఒక మోటు కింది రైతులు నలుగురైదుగురు మాట్లాడుకొని, వారం తేడాతో నారు పోసుకోండి. స్వల్పకాలిక రకాలకు 21 నుంచి 25 రోజుల నారు నాటడం మంచిది. ఒకే గుంపుకు ఇరవై రోజుల పని వరుసగా చూపగలిగితే వాళ్లకు ఎదురుచూపులు తగ్గుతవి, మనకు ధర తగ్గుతుంది.

రెండవది, మాట. ఎన్ని ఎకరాలు, ఎకరానికి ఎంత, భోజనం ఎవరిది, ఉండేచోటు ఎక్కడ, పైసలు ఎప్పుడు అనే సంగతులు ఒక కాగితంమీద రాసుకోండి. మేస్త్రీ చేత, రైతు చేత, ఊళ్లో ఒక సాక్షి చేత సంతకం పెట్టించండి. మొత్తం ముందుగా కట్టవద్దు. ఏ రోజు నాటు అయితే ఆ సాయంత్రమే, గుంపు అందరిముందు, వాళ్ల మేస్త్రీకో వాళ్ల ఖాతాకో చెల్లించండి. మధ్యవర్తి కమీషను వేరుగా, పని అయినాక ఇవ్వండి.

మూడవది, పని నాణ్యత. గుత్త పనిలో తొందర ఉంటుంది. తొందరలో కుదుళ్లు పలచబడతవి, నారు లోతుకు పోతుంది. పోరాడితే లాభం లేదు, ముందే చెప్పాలి. చదరపు మీటరుకు వానాకాలంలో 33, యాసంగిలో 44 కుదుళ్లు ఉండాలి. నాలుగు పుల్లలతో ఒక మీటరు చతురం చేసుకొని, నాటు మొదలైన గంటలోనే మేస్త్రీని పక్కన నిలబెట్టుకొని లెక్కపెట్టండి. తక్కువైతే అప్పుడే సరిచేస్తారు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీయించండి. నారు కొనలు తుంచి నాటమనండి, కాండం తొలుచు పురుగు గుడ్లు అక్కడే పోతవి. ఈ మాటలు చెప్పడానికి వాళ్ల భాష రాకపోయినా ఫరవాలేదు. ఒక వరుస మీరు దిగి నాటి చూపండి, చాలు.

నాలుగవది, మనిషికి మర్యాద. పశువుల కొట్టంలో ఉండమనకండి. బడి సెలవుల్లో గది గాని, రైతువేదిక పక్క షెడ్డు గాని పంచాయతీని అడిగి ఇప్పించండి. తాగేనీరు, మరుగుదొడ్డి, రాత్రి ఒక బల్బు ఉండాలి. వచ్చినవాళ్ల పేర్లు, ఊర్లు, ఇంటివాళ్ల ఫోను నంబర్లు పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించండి. పురుగుమందు కొట్టే పని, కరెంటు మోటరు పని వాళ్లకు అప్పజెప్పవద్దు. పాముకాటో, పిడుగుపాటో జరిగితే వెయ్యి మైళ్ల దూరాన ఉన్న తల్లికి మనమే జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఐదవది, ఊళ్లోని నాటు ఆడవాళ్లు. గుత్త గుంపు త్వరగా వేస్తుందని మొత్తం పని వాళ్లకే ఇస్తే, ఊళ్లో మిగిలిన నాలుగు కుటుంబాలు కూడా పట్నం పోతవి. రేపు కలుపుకు, పత్తి ఏరడానికి ఎవరుంటారు? సగం పొలం ఊరివాళ్లకు, సగం గుంపుకు అని పంచుకునే పద్ధతి కొన్ని ఊళ్లలో ఉన్నది, మంచి పద్ధతి. డ్రమ్ సీడరుతోనో, వెదజల్లే పద్ధతిలోనో కొంత భూమి వేసుకోవడం కూడా మంచిదే. డ్రమ్ సీడరుకు ఎకరానికి పది, పన్నెండు కిలోల విత్తనం చాలు. కాని కలుపు యాజమాన్యం రానివాళ్లు మొదటి ఏడే అంతా అట్లా వేయవద్దు. ఒక ఎకరంతో మొదలుపెట్టండి.

చట్టాల సంగతి కూడా తెలిసి ఉండాలి. రాష్ట్రాలు దాటే కూలీలకోసం 1979లోనే ఒక చట్టం వచ్చింది. దానిని ఇప్పుడు కార్మిక స్మృతుల్లో కలిపినారు, 2025 నవంబరు 21 నుంచి అవి అమల్లోకి వచ్చినవి. పాత చట్టం కాంట్రాక్టరు తెచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకునేది. కొత్తది సొంతంగా వచ్చి పనిలో చేరినవాళ్లను కూడా వలస కార్మికులుగా చూస్తున్నది. పదిమంది, అంతకు మించి వలస కార్మికులున్న సంస్థలకు అది వర్తిస్తుంది గనుక చిన్న రైతు పొలంకన్నా రైసుమిల్లు, ఇటుకబట్టి, కట్టడాల యజమానులే దానిని ఎక్కువ గమనించాలి. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికులెవరైనా ఉచితంగా పేరు రాయించుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఉన్నది. రేషను కార్డు ఒక రాష్ట్రంది ఉన్నా ఇంకొక రాష్ట్రంలో బియ్యం తీసుకునే వీలు 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య మొదలై దేశమంతా వచ్చింది. మీ ఊరి డీలరు దగ్గరికి గుంపు మేస్త్రీని ఒకసారి తీసుకుపోతే వాళ్ల తిండి ఖర్చు తగ్గుతుంది.

గ్రామీణ ఉపాధి చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాని పని మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అని హామీ ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. ఇందులో 125 రోజులు అన్నారు. విత్తు, కోత కాలాల్లో మొత్తం 60 రోజులు ఆ పనులు ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చినారు. రైతులుగా మనకు ఇది సంతోషంగా తోచవచ్చు. కాని ఆ 60 రోజులు కూలి మనిషికి పని చూపవలసిన బాధ్యత మనమీద పడుతుందని మరువకండి. పని చూపలేకపోతే వాళ్లు మళ్లీ రైలే ఎక్కుతారు.

సోదరులారా, మన ఇండ్లలో దుబాయి పోయినవాళ్లు ఉన్నారు, బొంబాయి పోయినవాళ్లు ఉన్నారు. అక్కడ వాళ్ల కూలి ఎవరో ఎగవేశారని ఉత్తరమో ఫోనో వస్తే మన కడుపు ఎంత మండుతుందో మనకు తెలుసు. సికిందరాబాదు స్టేషనులో బకెట్టు పట్టుకొని దిగిన మనిషి ఇంట్లో కూడా అట్లాగే ఫోనుకోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు. మన చేతిలో ఉన్నది చిన్న పని. ఆ సాయంత్రం కూలి ఆ సాయంత్రమే, ఆ మనిషి చేతిలోనే పెట్టడం.

వచ్చే యాసంగికి నారు పోసేముందే మీ మోటు రైతులు కూర్చొని తేదీలు నిర్ణయించుకోండి. కాగితం నమూనా కావలసినవాళ్లు మీ రైతువేదికలో విస్తరణ అధికారిని అడగండి, రాసి ఇస్తారు.